కూసుండి నవ్వే ఇల్లు

మా ఇంటి గురించి మా వీధిలో చెప్పుకునే కథ ఒకటుంది. ముసలమ్మ మతిమరుపు మనవరాలికి అంటుకుందట. పొద్దంతా ఆ పిల్ల అవ్వ పక్కనే కూర్చుంటుంది, అవ్వ పళ్ళెంలోనే తింటుంది, అవ్వ మంచంలోనే పడుకుంటుంది. అందుకని ముసలితనం ముందే వచ్చి పిల్ల నెత్తికెక్కిందట. ఈ కథను నా మొహం మీదే చెప్పిన మొదటి మనిషి ఎదురింటావిడ. జాలిపడుతూ, చింతచిగురు పప్పు గిన్నె చేతికిస్తూ చెప్పింది.

"అంటుకునేటందుకు అదేమన్న గజ్జి అనుకున్నవా అక్కా?" అన్నాను గిన్నె అందుకుంటూనే. "గట్లయితే మీ ఆయన గురక నీకెందుకు అంటుకోలే?"

ఆవిడ నాతో నెల రోజులు మాట్లాడలేదు. ఆ నెలా గిన్నె నా దగ్గరే ఉండిపోయింది.

ఆ కథలో రెండు తప్పులున్నాయి. ఒకటి వరస. మా బిడ్డ జబ్బు ముందు, మా అత్త మరుపు తర్వాత. మధ్యలో నాలుగేళ్ళు. ఇప్పుడు మేముండే ఈ చౌటుప్పల్ వాళ్ళు ఇద్దరినీ ఒకేసారి చూశారు కాబట్టి పెద్దదాన్నుంచి చిన్నదానికి వచ్చిందని వాళ్ళే అల్లుకున్నారు. రెండో తప్పు ఆ కథకు తగిలించిన తోక. "పాపం, అప్పటిసంది ఆ ఇంట్ల నవ్వు లేదు" అంటారు. మా ఇంటి నవ్వు వినపడని మనిషి ఎవరన్నా ఉంటే ముందు చెవుల దవాఖానకు పోవాలి. ఆ తోక కోసమే ఇదంతా రాస్తున్నాను.

నేను పుట్టిన ఇల్లూ మెట్టిన ఇల్లూ ఒకటే దొడ్డికి రెండు వాకిళ్ళు. మా బాపు సొంత అక్కే మా అత్త. ఆమె కొడుకే నా భర్త. అంటే మేనబావ. మాది దేవరకొండ దగ్గరి పల్లె, గొర్ల కాపర్ల ఇల్లు. బాపుకు ఇప్పటికీ మంద ఉంది. నేను ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లను. బీయస్సీ, అందులో బోటనీ. బఠానీ మొక్కల పాఠం, పొడుగు మొక్క, పొట్టి మొక్క, దాగి ఉండే గుణం రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడుతుందన్న సూత్రం, అన్నీ పరీక్షలో గీతలు గీసి మరీ రాశాను. మంచి మార్కులు వచ్చాయి. ఆ ఎండాకాలమే మేనబావను పెళ్ళి చేసుకున్నాను. బఠానీలకూ నాకూ సంబంధం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. నేనూ అనుకోలేదు. చదువుకున్నదాన్నని ఇంకెవరి ముందైనా గొప్పలు పోతాను గానీ ఈ ముక్క దగ్గర మాత్రం నోరు మూసుకుంటాను.

రాష్ట్రం వచ్చిన ఏడాది మా బిడ్డకు ఏడేళ్ళు. అప్పుడు దేవరకొండలో ఉండేవాళ్ళం. నేను ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. ఓ ఆదివారం బాపు మేక తుమ్మినట్టు తుమ్మి చూపించాడు. మేక తుమ్మడం మీరు చూశారో లేదో, ముందు అది ఎదుటి మనిషిని అనుమానంగా చూస్తుంది, తర్వాత మొహమంతా ముడుచుకుంటుంది. పిల్ల పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మోకాళ్ళు మడతపడి, తడిసిన గొంగడి జారినట్టు నేల మీదికి జారింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నవ్వుతూనే ఉంది. ఊపిరి తీసుకునేంత సేపట్లో లేచి, "తాతా, ఇంకోపాలి" అంది.

మేమేం చేశామంటారా? మేమూ నవ్వాం. నవ్వి నవ్వి పడిపోయే పిల్ల ఎవరికి ముద్దు కాదు? మా అత్త దానికో పేరు కూడా పెట్టింది. నవ్వుపడుడు. ఇంటికి ఎవరొచ్చినా, "మా పిల్ల నవ్వుపడుడు చూస్తవా?" అని అడిగేది. మా ఆయన కోడిలా నడిచేవాడు. బాపు తుమ్మేవాడు. ఎవరు పడేస్తే వాళ్ళు గెలిచినట్టు. ఇప్పుడు ఎవరైనా ఆ రోజులు గుర్తుచేసి, "అయ్యో, తెలవక అట్ల చేసిన్రు" అని నా తరఫున బాధపడబోతే ఒప్పుకోను. ఆ నవ్వుకు నేను సిగ్గుపడను. సిగ్గుపడవలసినది వేరే ఉంది.

అది కళ్ళ సంగతి. మా బిడ్డ కళ్ళు కిందికి దించేది కాదు. మెట్లు దిగేటప్పుడు పాదంతో తడుముకునేది గానీ చూసేది కాదు. అన్నం కలుపుతుంటే సగం పళ్ళెం బయట. పెద్దవాళ్ళు ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే కళ్ళలోకి నిటారుగా చూసేది. మా వైపు ఆడపిల్ల కళ్ళు దించకపోవడం అంటే చిన్న నేరం కాదు. ఊరి పెద్దమనిషి ఒకాయన, "ఏం పిల్లనే ఇది, కండ్లు దించది, పొగరు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఎందుకు దించాలె? నా బిడ్డ ఎవ్వరి ముందల కండ్లు దించది. నేను గట్లనే పెంచిన" అన్నాను.

బడిలో దాని క్లాసు టీచరు, నా తోటి టీచరే, "బోర్డు చూసి రాయమంటే తలకాయ మొత్తం పైకీ కిందికీ విసురుతోంది, వెక్కిరిస్తోంది" అని చెప్తే, ఆమెతోనూ పోట్లాడాను. మూడేళ్ళు! మూడేళ్ళ పాటు, కళ్ళ నరాలు మాట వినని పిల్లను చూసి, నా పెంపకం ఎంత గొప్పదో అనుకుంటూ తిరిగాను. మా అత్త మాత్రం ఒకసారి అంది, "పొగరు కాదే పిల్లా, దానికి కిందిది కానొస్తలేదేమో." గొర్ల కాపరి కన్ను అది. అత్త ముక్కు మీద అద్దాలు చూపించి, "నీకు కానొస్తలేదు గానీ దానికి బాగనే కానొస్తది" అని ఆమె నోరు మూయించాను.

సర్కారు గొర్రెలు ఇచ్చిన ఏడాది అది పదో ఏట పడింది. లెక్కల్లో వెనకబడింది. మాట ముద్దగా వస్తోంది. నిన్న నేర్పిన పద్యం ఇవాళ లేదు. కండ్ల డాక్టరు అద్దాలు రాశాడు. ఇంకో డాక్టరు బలానికి టానిక్ రాశాడు. చివరికి హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానకు, పిల్లల నరాల డాక్టరు దగ్గరికి పంపారు. నేనూ మా ఆయనా అత్తా పిల్లా, నలుగురం పోయాం. అత్తను రావద్దంటే, "నా మనుమరాలి సంగతి వాళ్ళకేం ఎరుక, నేను చెప్తా" అని బస్సు ఎక్కి కూర్చుంది.

డాక్టరమ్మ నాకన్నా చిన్నది. పెన్ను పట్టుకుని అటూ ఇటూ కదిపింది, పిల్ల కళ్ళు వెంట పోయాయి. కిందికి దించింది, పైకి ఎత్తింది. కళ్ళు కదలలేదు. పిల్ల టపటపా రెప్పలు కొట్టి, తలను వెనక్కి విసిరి పైకి చూసింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి మూడు ప్రశ్నలు అడిగింది.

"పుట్టినప్పుడు పచ్చకామెర్లు చాలా రోజులున్నాయా?"

ఉన్నాయి. ఎండలో పడుకోబెట్టమన్నారు, పడుకోబెట్టాం.

"నవ్వినప్పుడు పడిపోతుందా?"

మేం నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా ఇంటి ఆట ఈమెకెట్లా తెలిసింది?

"మీరిద్దరూ చుట్టాలా?"

దీనికి జవాబు మా అత్త చెప్పింది, కుర్చీలో నిటారుగా కూర్చుని, మార్కుల కాగితం చూపించినట్టు. "సక్కని మేనరికం బిడ్డా! బయటి నెత్తురు బొట్టు లేదు. నా తమ్ముని బిడ్డే నా కోడలు."

డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. "ఆ పడిపోవడం ఒకసారి చూడాలి. కొంచెం నవ్వించగలరా?" అంది.

ఆ గదిలో మా పాట్లు ఎవరైనా చూడాల్సిందే. మా ఆయన లేచి కోడి నడక నడిచాడు. దవాఖాన వాసనకు బెదిరిపోయిన పిల్ల అటే చూడలేదు. నేను కితకితలు పెట్టాను. "అమ్మా, ఊకో" అంది. నర్సు కూడా ఏదో ప్రయత్నం చేసింది. అప్పుడు మా అత్త గొంతు సవరించుకుని, కొండ మీది మందను పిలిచేంత గట్టిగా, తల్లి గొర్రె ఎట్లా అరుస్తుందో, పిల్ల గొర్రె ఎట్లా బదులిస్తుందో, మధ్యలో పాలు పిండబోయిన మనిషి తన్ను తిని ఎట్లా తిడతాడో, మూడు గొంతులూ ఒక్కతే చేసింది. తలుపు తెరిచి ఇద్దరు డాక్టర్లు తొంగి చూశారు. పిల్ల ముందు పెదవులు బిగబట్టింది. తర్వాత ఇక ఆపుకోలేక విరగబడి నవ్వి, మా ఆయన చేతుల్లోకి జారిపోయింది. డాక్టరమ్మ ఫోనులో వీడియో తీస్తూ తీస్తూ తనూ నవ్వింది. తొంగి చూసిన డాక్టర్లూ నవ్వారు. అంత పెద్ద జబ్బును ఆ గదిలో అంతమందిమి నవ్వుతూ కనిపెట్టాం. ఎవరు నమ్మితే ఎంత, నమ్మకపోతే ఎంత.

రక్తం ఎక్కడికో పంపారు. జవాబు వచ్చాక మళ్ళీ కూర్చోబెట్టి చెప్పింది. జన్యువుల జబ్బు. అరుదైనది. ఒంట్లో కణాల లోపల కొవ్వు కదలాల్సినట్టు కదలక పేరుకుపోతుంది, మెదడులో కూడా. కొందరు దీన్ని చిన్నపిల్లల మతిమరుపు జబ్బు అంటారని చెప్పింది. ముసలితనంలో మతిపోయేవాళ్ళ మెదడులో సన్నని పోగులు చిక్కుపడి కనిపిస్తాయట, అలాంటి చిక్కులే ఈ పిల్లల మెదడులోనూ కనిపిస్తాయట. ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. మా ఇద్దరిలోనూ ఒక్కొక్కటి చెడింది. పిల్లకు ఆ రెండూ వచ్చాయి. కాగితం మీద గీతలు గీసి చూపించింది. ఆ గీతలు నాకు తెలుసు. నా బఠానీల గీతలు.

అత్త కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, "అంటే రెండెడ్ల బండి" అంది. "ఒక ఎద్దు కుంటిదైనా రెండోది గుంజుకపోతది. రెండూ కుంటివైతే బండి ఆగుతది. గంతేనా బిడ్డా?"

"అంతే అమ్మా. నేనూ ఇంక అందరికీ ఇట్లాగే చెప్తాను" అంది డాక్టరమ్మ.

జబ్బును పూర్తిగా ఆపే మందు లేదంది. నెమ్మది చేసే మందు ఉందంది. ఆ మందు మొదలుపెట్టాం. దారిలో ఎవరూ ఏడవలేదని చెప్పను. ఏడ్చాం. అది మాది, దాని గురించి ఇక్కడ రాయను.

ఊరికి పోయి బాపుకు చెప్పాను. బాపు చదువుకోలేదు. నేను రెండెడ్ల బండి చెప్పకముందే, బఠానీలు చెప్పకముందే, నెత్తికి చుట్టిన రుమాలు విప్పి ఒళ్ళో పెట్టుకుని, మంద వైపు చూస్తూ అన్నాడు.

"పొట్టేలును మార్చలే."

"ఏంది బాపూ?"

"మందల మూడేండ్లకొకపాలి పొట్టేలును మారుస్తం గదా. లేకుంటే దాని బిడ్డలకు అదే తగుల్తది, పిల్లలు ఈసురోమని పుడతయి. మన నెత్తురు మనకే తిరుగుతదని గొర్లకు ఎరికైంది. మనకు ఎరికగాలే."

నాకు దుఃఖం కన్నా ముందు పోట్లాట వచ్చింది. "ఎరికుండి నన్నెట్ల ఇచ్చినవ్? గొర్రె మీదున్న ఆలోచన నా మీద లేకపాయెనా?"

"గొర్రెకు పొట్టేలును సూసినం బిడ్డా. నీకు మనిషిని సూసినం" అన్నాడు బాపు. "మనిషి మంచోడే గదా?"

మా ఆయన అక్కడే గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "మంచోన్నే మామా" అన్నాడు తనే.  బాపు అక్కడికక్కడే ఫోను తీసి మా తమ్ముడికి కలిపాడు. వాడు బయటి సంబంధం ఇష్టపడి చేసుకున్నాడని ఆరేళ్ళు వాడి గడప తొక్కలేదు బాపు. "ఒరేయ్, నువ్వు జేసిందే సరిగున్నదిరా. ఆదివారం కోడలిని తోలుకొని రా" అన్నాడు. వాడికి ఏమీ అర్థం కాక, "బాపూ, తాగినవా?" అని అడిగాడట.

ఆ తర్వాత చౌటుప్పల్‌కు మారాం. హైదరాబాదు దవాఖానకు దగ్గరవుతుంది, మా ఆయనకు అక్కడే మందుల ఫ్యాక్టరీలో పని దొరికింది. కిరాయి ఇంట్లో చేరిన ఏడాది పిల్ల వాకిట్లో నవ్వి పడి గడప అంచు తగిలి గదవ, అంటే గడ్డం, చీలింది. కుట్లు పడ్డాయి. ఆ రోజు మా ఆయన రూలు పెట్టాడు, దాన్ని ఎవరూ నవ్వించవద్దు. టీవీలో హాస్యం వస్తే ఛానెల్ మార్చాలి. బాపు వస్తే తుమ్మకూడదు. మూడు నెలలు అట్లా నడిచింది. మా వీధివాళ్ళు చెప్పే కథకు నిజమనే గింజ ఏదన్నా ఉంటే ఆ మూడు నెలలే. పిల్ల పడలేదు, నిజమే. కానీ మూలకు కూర్చుని మా మొహాలను ఒక్కొక్కటే వెతికేది. ఒకరోజు నన్ను, "అమ్మా, నేనేమన్న తప్పు జేసిన్నా?" అని అడిగింది. అప్పటికే దానికి ఆ వాక్యం పూర్తి చేయడానికి చాలాసేపు పట్టేది. పూర్తి చేసిందాకా ఆగి విన్నాను. ఆ రాత్రి మా ఆయనతో రూలు మీద ఎంత పోట్లాడినా ఆయన కదలలేదు. పగిలిన గదవను ఎత్తుకుని పరిగెత్తింది ఆయన కదా.

ఆ రూలును పడగొట్టింది అత్త. అదీ కావాలని కాదు. మర్చిపోయి.

అత్త మరుపు అట్లా మొదలైంది. ముందు పొయ్యి మీద పాలు. తర్వాత మా ఆయన డ్యూటీ. ఒకరోజు పొద్దున రూలు సంగతి ఆమె తలలోంచి తుడిచిపెట్టుకుపోయింది. నేను వంటింట్లో ఉండగా, చాలా రోజుల తర్వాత, తల్లి గొర్రె అరుపు వినిపించింది. వెంటనే పిల్ల గొర్రె. పరిగెత్తాను. పాలు పిండే మనిషి తన్ను తినేసరికి నేను గడప దగ్గర ఉన్నాను. పిల్ల నేల మీదే కూర్చుని ఉంది, గోడకు ఆనుకుని. నవ్వింది. చేతులు వాలిపోయాయి, తల అవ్వ ఒళ్ళోకి వాలింది. పడటానికి ఇంక కింద చోటే లేదు. అప్పటికే నేల మీద ఉంది కదా!

ఇంత చిన్న ముక్క తట్టడానికి మాకు మూడు నెలలు పట్టింది. ఒక బీయస్సీ, ఒక ఐటీఐ ఉన్న ఇంట్లో.

ఆ సాయంత్రం కంపెనీ బస్సు దిగి వచ్చిన మా ఆయనకు కొత్త రూలు చెప్పాను. నవ్వించే ముందు "కూసున్నవా?" అని అడగాలి. కూర్చుంటే నవ్వించొచ్చు. లేకపోతే ముందు కూర్చోబెట్టాలి. ఆయన టిఫిను డబ్బా నా చేతికిచ్చి బయటికి పోయాడు. కాసేపటికి వాకిట్లోంచి, "బిడ్డా, కూసున్నవా?" అని కేక, వెంటనే కోడి కూత వినబడ్డాయి.

అప్పటి నుంచి అది మా ఇంటి పలకరింపు. బాపు ఊరి నుంచి వస్తే చెప్పులు విడవకముందే "కూసున్నవా?" అంటాడు. ఫోనులో మా తమ్ముడు నాతో కూడా, "అక్కా, కూసున్నవా? ఓ ముచ్చట చెప్త" అంటాడు. నెల తర్వాత గిన్నె తీసుకుపోవడానికి వచ్చిన ఎదురింటావిడకు కూడా నేర్పాను. మొదట వింతగా చూసింది. రెండో వారానికల్లా తన గురక మొగుడి ముచ్చట్లు చెప్పడానికే వస్తోంది. కిటికీ దగ్గర నిలబడి "కూసున్నవా పిల్లా?" అని అడిగి మొదలుపెడుతుంది.

ఇద్దరు మరిచిపోయేవాళ్ళున్న ఇల్లు ఎట్లా ఉంటుందని అడుగుతారు జనం, గొంతు తగ్గించి. గొంతు తగ్గించాల్సిన పనిలేదు. పిల్ల మాట కోసం వెతుకుతుంది, అవ్వ అందిస్తుంది, తప్పుది. "అవ్వా, గది... తల దువ్వేది..." "గంటె." "కాదు." "గడ్డపార." పిల్లకు అది తప్పని తెలుసు. తెలుసు కాబట్టే నవ్వుతుంది. దువ్వెన ఇద్దరి మధ్యనే పడి ఉంటుంది. నేను చెప్పను. చెప్తే ఆట పాడవుతుంది.

పోయిన ఏడాది బాపు మందకు కొత్త పొట్టేలును తెచ్చాడు. ఇప్పుడది మా ఇంట్లో చిన్న పండుగ. బాపు ఆ రోజు అందరినీ పిలుస్తాడు, తమ్ముడు, వాడి బయటి సంబంధం పెళ్ళాం, చుట్టుపక్కల మా వాళ్ళు. పిల్లను తీసుకురావద్దన్నారు కొందరు. ఇప్పుడు దానికి పట్టుకుంటే గానీ నడక లేదు, తిండి మెత్తగా చేసి పెట్టాలి, అంతమందిలో, రాళ్ళ నేలలో, పడితే? నేను ఫోనులో, "వస్తది. మీకు భయమైతే మీరు రాకున్రి" అన్నాను. ఎవరూ మానుకోలేదు.

పొట్టేలు నల్లటిది, చెవులు వేలాడుతూ, కొమ్ములు మెలి తిరిగి. బాపు దాని మెడకు తాడు కట్టి, అందరి ముందూ దొడ్డిలోకి నడిపిస్తూ దాని వంశం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఎక్కడి మందదో, తల్లి ఎంత పాలిచ్చిందో. పిల్ల దొడ్డి కంచె పట్టుకుని నిలబడి ఉంది, ఒక పక్క నేను, ఒక పక్క అత్త. బాపు వెనక్కి తిరిగి మా వైపు, "మస్తు బుద్దిగలది, కొట్టది, పొడవది..." అంటుండగానే పొట్టేలు నాలుగడుగులు వెనక్కి వేసి, తల దించి, పరిగెత్తుకొచ్చి బాపును వెనకనుంచి కుమ్మింది. బాపు ఎగిరి, గొర్లు నీళ్ళు తాగే తొట్టిలో కూర్చున్నాడు. రుమాలు నీళ్ళ మీద తేలింది.

అప్పుడు జరిగింది చెప్పడానికే ఇంత దూరం తెచ్చాను మిమ్మల్ని. ముప్పై మంది గొర్ల కాపర్లు, మాటకు ముందు నవ్వేవాళ్ళు, ఒక్కరూ నవ్వలేదు. బుగ్గలు ఉబ్బిపోయి, కళ్ళలో నీళ్ళు తిరుగుతూ, నోటికి రుమాళ్ళు అడ్డం పెట్టుకుని, అందరూ తల తిప్పి మా పిల్ల వైపు చూశారు. తొట్టిలోంచి బాపు కూడా. అక్కడి నుంచే అరిచాడు.

"కూసున్నదా?"

పిల్ల పెదవులు వణుకుతున్నాయి. మోకాళ్ళు మడతపడటం మొదలైంది. నేను చెయ్యి వేసేలోపే మా అత్త, పొద్దుట్నుంచీ నా పేరు కూడా గుర్తురాని మా అత్త, పిల్ల నడుము పట్టుకుని తను ముందు నేల మీద చతికిలబడి, దాన్ని ఒళ్ళోకి లాక్కుంది.

"కూసున్నం!" అంది.

ఆ తర్వాత లేచిన నవ్వుకు మంద మొత్తం బెదిరి మూలకు పోయింది. మా తమ్ముడి పెళ్ళాం నేల మీద పొర్లింది. మా ఆయన కంచె పట్టుకుని వంగిపోయాడు. పిల్ల అవ్వ ఒళ్ళో పిండి బొమ్మలా వాలి, కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలియకుండా, గొంతులోంచి ముద్దముద్దగా నవ్వుతూనే ఉంది. దాని గదవ మీద పాత కుట్ల మచ్చ కూడా నవ్వినట్టే ఉంది నాకు.

తిరుగు దారిలో, దేవరకొండ దాటకముందే, కారు వెనక సీట్లోంచి అత్త అడిగింది. "ఏమే పిల్లా, ఇందాక ఎందుకు నవ్వినం మనం?"

పక్కనున్న బిడ్డ కూడా, "ఎందుకమ్మా?" అంది.

వెనక్కి తిరిగి, "కూసున్నరా?" అని అడిగాను. కూర్చునే ఉన్నారు, బెల్టు పెట్టుకుని. చెప్పాను. ఇద్దరూ మొదటిసారి విన్నట్టే నవ్వారు. మళ్ళీ మాల్ అనే ఊరి దగ్గర టీకి ఆగినప్పుడు అడిగారు. మళ్ళీ చెప్పాను. ఇల్లు చేరేసరికి బాపు తొట్టిలో నాలుగుసార్లు పడ్డాడు. ఒక్కసారి కూడా నవ్వు తగ్గలేదు. గుర్తున్నవాళ్ళకు ఒక ముచ్చట ఒక్కసారే పనికొస్తుంది.

ఆ నెలలోనే డాక్టరమ్మ దగ్గరికి పోయినప్పుడు నేను చాలా రోజులుగా లోపల పెట్టుకున్న ప్రశ్న అడిగాను. మా ఆయనలోని చెడిన జన్యు ప్రతి, వాళ్ళమ్మ నుంచే వచ్చి ఉండాలి కదా, నాది బాపు నుంచి, వాళ్ళిద్దరూ అక్కాతమ్ముళ్ళు. మరి మా అత్త మరుపు కూడా ఆ ఒక్క ప్రతి పనేనా? ఆమె దాటవేయలేదు. ముసలితనంలో మరుపుకు చాలా కారణాలుంటాయి, ఆమె వయసులో ఎంతోమందికి వస్తుంది, ఈ జన్యువుతో సంబంధమే ఉండకపోవచ్చు అంది. ఒక్క ప్రతి చెడినవాళ్ళకు పెద్దయ్యాక ఏమవుతుందో ఇప్పుడిప్పుడే కొందరు వెతుకుతున్నారు, గట్టిగా చెప్పగలిగినవాళ్ళు ఇంకా లేరు అంది. "తెలియదు" అన్న మాటను అంత శుభ్రంగా చెప్పిన డాక్టరును నేను చూడలేదు. అందుకే ఆమెతో పోట్లాడలేదు. కానీ వదిలిపెట్టనూ లేదు, పోయిన ప్రతిసారీ అడుగుతున్నాను.

నాకు భయమా అంటే, నా మట్టుకు నాకు కాదు. బాపు తొట్టిలో పడటాన్ని రోజూ కొత్తగా విని నవ్వగలిగితే అదేమంత చెడ్డ ముసలితనం? కానీ ఆ ఇద్దరికీ ఆ ముచ్చట చెప్పే మనిషి ఒకరుండాలి. ముందు "కూసున్నవా?" అని గుర్తుపెట్టుకుని అడిగే మనిషి ఉండాలి. ఆ మనిషిని ఇప్పటికి నేనే, నా బండికీ ఒక ఎద్దు కుంటిదే. అందుకే అడుగుతున్నాను. డాక్టర్లను, చదివేవాళ్ళను, ఎక్కడో కూర్చుని ఈ సంగతే వెతుకుతున్నవాళ్ళను. కుంటి ఎద్దు పక్కన కాడి మోసిన మంచి ఎద్దు, బతుకంతా రెండింటి బరువూ తనే గుంజి గుంజి, చివరి మలుపుకు వచ్చేసరికి మిగతావాటికన్నా ముందే అలిసిపోతుందా, లేదా?